మనిషిని గుర్తుపట్టే బల్బు

గదిలో మనిషి ఉంటేనే వెలిగి కరెంటు ఆదా చేస్తుందని తెనాలిలో ఓ కరెంటు సామాన్ల కొట్లో నిన్న నాకో సెన్సార్ బల్బు అంటగట్టారు. ఈ సాయంత్రం హాల్లో పేపరు చదువుతుంటే మూడుసార్లు ఆరిపోయింది. పట్టుకెళ్లి కొట్టాయన ముందు పెట్టాను.

"బల్బు మంచిదే బాబాయ్. మీరు కదలకపోతే ఎవరూ లేరనుకుంటది. మధ్యమధ్యలో చెయ్యి ఊపండి."

"నా ఇంట్లో నేనున్నానని బల్బుకి చెప్పుకోవాలా?"

"ఇంకెవరన్నా అటూ ఇటూ తిరుగుతుంటే ఆ ఇబ్బంది ఉండదండి."

వంటింటికీ హాలుకీ తిరిగే మా ఆవిడ పోయి ఏడు నెలలైంది. స్విచ్చి వేస్తే వెలిగే మామూలు ఎల్ఈడీ బల్బు తెచ్చుకున్నాను.

తెలివైన బల్బులున్నవాళ్లు చెప్పండి, మీరున్నారని రోజుకెన్నిసార్లు చెయ్యి ఊపుతున్నారు?