నాలుగో ప్రశ్న మీద కచ్చా కుట్టు

మా తమ్ముడు పోయాడు. మొన్న సోమవారం తెల్లవారాక యూసుఫ్‌గూడ నుంచి మా మరదలు ఫోన్ చేసింది. "వదినా, చాయ్ ఇద్దామని లేపితే లేస్తలేడు" అంది. నేను వెళ్లేసరికి వాడి ముఖం తేటగానే ఉంది. ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తెలిశాక ఈ రెండేళ్లలో వాణ్ణి ఆయాసం లేకుండా చూడడం అదే మొదలు.

అప్పటినుంచి ప్రార్థనకు మోకరిస్తున్నాను. మాటలు రావడం లేదు. కళ్లు మూస్తే ఒకే ఉదయం వచ్చి నిలబడుతోంది.

వాడిది అమీర్‌పేటలో, కోచింగ్ సెంటర్ల మెట్ల కింద చిన్న టైలర్ కొట్టు. ఆ రోజు పదకొండింటికి పంజాగుట్టలో డాక్టర్‌ను కలవాలి. తోడుగా పోదామని నేను తొమ్మిదికే వచ్చాను. మామూలు ఉదయమే. మెషీన్‌కు నూనె వేశాడు. ఇస్త్రీపెట్టె మీద నీళ్లు చిలకరించి వేడి చూసుకున్నాడు. నిలబడితే వీపు నొప్పి, కూర్చుంటే దగ్గు. అంతలో ఒక అమ్మాయి ప్యాంటు పట్టుకొచ్చింది.

"అంకుల్, పన్నెండింటికి ఇంటర్వ్యూ ఉంది. జర జల్దీ."

"పదింటికల్లా తీస్కపో బిడ్డా. గిది మీ అన్నదా ఏంది? ఇద్దరు పడ్తరు ఇండ్ల."

ఆ అమ్మాయి నవ్వింది. వాడూ నవ్వబోయి దగ్గులో పడ్డాడు.

వాడు ఏది రాసుకోవాలన్నా కొలతల పుస్తకంలోనే. "యాదికుంటదనుకున్న కొలతే తప్పుతదక్కా" అనేవాడు. డాక్టర్‌ను అడగాల్సినవి కూడా అందులోనే, తన పేరు మీద ఒక పేజీ తీసి, ఛాతీ, నడుము అని ఉన్న గళ్లలో రాసుకున్నాడు. ఏడాదిపైగా కాపాడిన మాత్ర ఇక పనిచేయడం లేదని స్కాన్‌లో తేలింది. ఇప్పుడేం చేయాలన్నదే ఆ రోజు తేలాలి. వాడు ప్యాంటు అంచు మడుస్తుంటే నేను చదివాను.

ఆపరేషన్ ఎందుకు చేయరు? ఇంకో మాత్ర ఉందా? కీమో ఎక్కిస్తే వేళ్లు తిమ్మిరెక్కుతాయా, సూది పట్టగలనా? చివరన నాలుగోది: ఇవేవీ వద్దంటే ఏమవుతుంది?

ఆ మాట వాడి నోటి నుంచి వస్తే నిజమైపోతుందనిపించింది. నాన్న మా ఇద్దరికీ నేర్పింది ఈ కుట్టుపనే. బల్ల మీద దారం ఎక్కించిన సూది ఉంది. పేజీ అడుగున ఖాళీగా ఉన్న భాగాన్ని పైకి మడిచి, నాలుగో ప్రశ్న కనపడకుండా కచ్చా కుట్టు వేశాను. బట్ట కదలకుండా వేసి, తర్వాత లాగేసే కుట్టు. పుస్తకం మూసి నా సంచిలో పెట్టుకున్నాను.

ఆస్పత్రిలో ఫైలు రాసే నర్సు అడిగింది, "సిగరెట్ అలవాటుందా?"

"లేదమ్మా. అందరు గదే అడుగుతరు. ఉంటే జవాబు చెప్పనీకి సులువుంటుండె" అన్నాడు.

వాడు నా దగ్గర పుస్తకం తీసుకుని మొదటి మూడూ అడిగాడు. డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. జబ్బు ఎముకల్లోకి పాకింది కాబట్టి ఆపరేషన్‌తో ప్రయోజనం లేదు. మొన్నటి పరీక్షలో ఇంకో మాత్రకు సరిపడే ఆధారం దొరకలేదు. కీమో ఇవ్వచ్చు, మూడు వారాలకోసారి. వేళ్లు తిమ్మిరెక్కించే మందును పక్కన పెట్టొచ్చు గానీ, నీరసం తప్పదు.

వాడు పేజీ కిందికి వేలు జరిపాడు. మందం తగిలి ఆగాడు. జీవితమంతా బట్ట తడిమిన వేలు. నా వైపు ఒకసారి చూసి, దారం పళ్లతో కొరికి లాగేశాడు. నాలుగోది అడిగాడు.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "వద్దనే హక్కు మీకుందండి. అంతమాత్రాన మేం వదిలేయం. వీపుకు రేడియేషన్, నొప్పికీ ఆయాసానికీ మందులు, అదీ వైద్యమే. కీమోతో కొన్ని నెలలు కలిసిరావచ్చు, రాకపోనూ వచ్చు. ఇన్నని చెప్పలేను."

బయట ట్రాఫిక్ హోరులో అడిగాడు. "నా పేజీ ఎందుకు కుట్టినవక్కా?"

"భయమైందిరా."

"భయం నాకు సుత ఉన్నది. అందుకే రాసుకున్న."

 ఇప్పటికీ, ఆ కుట్టు వాడి వేలికి తగలకపోతే కీమోకు ఒప్పుకునేవాడేమో, ఈ సోమవారం చాయ్ తాగేవాడేమో అని మనసు కొట్టుకుంటూనే ఉంది. ఆ తర్వాత ఏడు నెలలు, మంచం పట్టేదాకా, రోజూ కొట్టు తెరిచాడన్నదీ నిజమే. ఈ రెంటి మధ్య తిరుగుతున్నాను.

డాక్టర్‌ను కలిసిన ఆ సాయంత్రం వాడింట్లో కూర్చున్నాం. నేను ప్రార్థన మొదలుపెట్టబోతే చెయ్యి పట్టుకున్నాడు. "చెయ్యక్కా. నా తరఫున బేరం మాత్రం ఆడకు." నా ప్రార్థన చిన్నదైపోయింది.

మరదలు ఏడుస్తూనే అంది, "నాకైతే కీమో ఎక్కియ్యాలనే ఉన్నది. నీకేం గావాలె, నువ్వు చెప్పు."

"కుట్టాలె. రాత్రి నిద్ర పట్టాలె."

వీపుకు రేడియేషన్ పెట్టించాలని, నొప్పికీ ఆయాసానికీ మందులు వాడాలని, కీమో వద్దని అనుకున్నాం. వాడు మనసు మార్చుకుంటే ఎవరూ ఎత్తిపొడవకూడదని, వాడికంటే ముందు డాక్టర్‌తో ఎవరూ మాట్లాడకూడదని కూడా. అదంతా వాడే నాలుగో ప్రశ్న కింద రాశాడు. రాసి, ఆ పేజీని ట్యూబ్‌లైట్‌కు ఎదురుగా ఎత్తి పట్టుకున్నాడు. నా సూది రంధ్రాల్లోంచి వెలుతురు చుక్కలు చుక్కలుగా కనిపించింది.

"అక్కా," అన్నాడు, "మూడో కుట్టు వంకర పోయింది సూడు."