కొండెక్కిన జవాబులు

ఆ గురువారం ఇల్లు దాటేముందు సాతుర్నినా చివరగా చేసిన పని, ఎప్పటిలాగే ఫోన్‌ను ప్లాస్టిక్ సంచిలో చుట్టి టోపీలో పెట్టుకోవడం. ఊరి ఆరోగ్య కేంద్రంలో ఉద్యోగం కోసం ఆమె ఆన్‌లైన్‌లో ఉచిత కోర్సు చదువుతోంది. ఇంట్లో సిగ్నల్ అందదు, బ్యాటరీ తరిగిపోతుందని అక్కడ ఫోన్ ఆపేసి ఉంచేది. పరీక్ష జవాబులు పంపాలంటే కొండెక్కి తెరిచేది.

"ఈ వానలో పరీక్షేంటక్కా? మన మందలో లామాలు కూడా నవ్వుతాయి," అంది చెల్లెలు ఇలారియా.

"నవ్వనీవే. రేపు సూది వేయించుకోడానికి నా దగ్గరికే వస్తావుగా!"

దారిలో కొండచరియ విరిగిపడింది. మట్టిలో ఆమె శవంతోపాటు ఫోనూ దొరికింది. అక్క ఆత్మశాంతికి తొమ్మిదో రోజు ప్రార్థనలయ్యాక ఇలారియా దాన్ని వంటింట్లో ఛార్జింగుకు పెట్టి తెరిచింది. ఎవరూ ముట్టుకోకుండానే అక్క రాసిన జవాబులు ఒక్కొక్కటే వెళ్లిపోయాయి. వెంటనే ఫోన్ మోగింది.

"వచ్చావా సాతుకా? ఇన్నాళ్లూ ఎక్కడికి పోయావే? మాట్లాడు!" ఎత్తగానే అక్క తోటి విద్యార్థిని గొంతు.

ఆ వంటింట్లో ఫోన్ ఏనాడూ పలకలేదు.

ఎదురు కొండ మీది కొత్త టవర్ పనిచేయడం మొదలుపెట్టింది ఆ గురువారానికి ముందు సోమవారమేనని పక్కింటాయన తర్వాత చెప్పాడు.