పటంలో తెల్లచోట్లు

ఆఫీసులో అందరూ ఆమెను చీమలత్త అనేవారు. ఆ ఎండు నేలల్లో ఏ చీమ ఎక్కడ ఉంటుందో పటం గీయడమే ఆమె ఉద్యోగం. వాగు ఒడ్డున గండుచీమలు, పొదల కింద చలిచీమలు, రాళ్ళగుట్ట మీద ఎర్రచీమలు. "అత్త ఆజ్ఞ లేనిదే ఇక్కడ చీమైనా కుట్టదు" అని జీపు డ్రైవరు వేళాకోళమాడితే పైకి కసిరేది, లోలోపల మురిసిపోయేది.

పని సులువే. గ్లాసును అంచు నేలకు సమంగా ఉండేలా పాతి, అడుగున కాస్త సబ్బునీళ్ళు పోయాలి. దారిన పోయే చీమ అందులో పడుతుంది. ఎండలో పెడితే నీళ్ళు ఇగిరిపోతాయని ఆమె ఎప్పుడూ నీడ చూసే పాతేది. బోడి మైదానాల్లో కూడా ఏదో ఒక బండ నీడ వెతుక్కునేది. అక్కడ చీమ పడిన పాపాన పోలేదు. అలాంటి చోట్లన్నీ పటంలో తెల్లగా వదిలి, "చీమలు లేవు" అని రాసింది. ఉద్యోగమంతా ధారపోసి గీసిన ఆ పటం ప్రెస్సులో ఉంది. సాయంత్రం అచ్చవుతుంది.

అదే ఆఫీసులో కొత్తగా చేరిన కోడలు ఆ పొద్దున నసుగుతూ వచ్చింది.

"అత్తయ్యా, తిట్టనంటే ఒక మాట. నిన్న మైదానంలో ఎండలోనే గ్లాసులు పాతా. ఇగిరినప్పుడల్లా నీళ్ళు పోస్తూ కూర్చున్నా. చీమలు పడ్డాయి."

"నిన్నగాక మొన్న వచ్చి నాకు చీమల్ని చూపిస్తావా? నీ టిఫిన్ డబ్బాలోంచి పడుంటాయిలే!"

"మీరే వచ్చి చూడండి."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి. కోడలి పొరపాటు పట్టుకుందామనే బయల్దేరింది. మిట్టమధ్యాహ్నం, కాలే మట్టి మీద తువ్వాలు పరిచి మోకాళ్ళ మీద వంగింది. కాసేపటికి పొడుగుకాళ్ళ చీమ ఒకటి, ఒళ్ళు నేలకు తగలనివ్వకుండా ఉరికింది. వెనకే ఇంకోటి, ఇంకోటి. మిగతా చీమలన్నీ పుట్టల్లో దాక్కునే వేళకు ఇవి తిండికి బయల్దేరాయి. బండ నీడ వైపు ఒక్కటీ పోలేదు.

ఆమెకు సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. ఇన్నేళ్ళూ తాను చూసింది నీడనే.

"పోనీలెండి అత్తయ్యా, తర్వాతి అచ్చులో సరిచేద్దాం. రిటైరయ్యే ముందు మీకెందుకీ మాట?" అంది కోడలు జాలిగా.

చీమలత్త అక్కడే, ఆ ఎండలోనే ప్రెస్సుకు ఫోను చేసింది.

"బాబూ, తెల్లచోట్లలో 'చీమలు లేవు' అని ఉందే, అది తీసెయ్. 'నేను చూడలేదు' అని వెయ్యి."