తాతగారి సిరాబుడ్డికి నేను రాయించిన బోర్డు

మా వంశం ఆస్తి పోగొట్టుకోవడానికి మూడు తరాలు పట్టింది. మిగిలిన ఒక్క వస్తువును పాడు చేయడానికి నాకు ఒక్క పూట చాలింది. తొందరపడి జాలిపడకండి. ముందు నవ్వండి, జాలికి చివర్లో చోటు ఉంచాను.

తమిళనాడులోని రాజపాళయంలో, తెలుగు రాజుల వంశమైన మాకు ఒకప్పుడు మామిడి తోపులు, మిల్లులో వాటా, సగం వీధిని ఆక్రమించిన ఇల్లు ఉండేవి. నా వంతు వచ్చేసరికి ఆ ఇంట్లో రెండు గదులు, వంగడం తెలియని ఒక నడుము మిగిలాయి. నిటారుగా నిలబడడానికి ఏదో ఒక కారణం కావాలి గనుక పాత సిరాబుడ్లు పోగుచేయడం మొదలుపెట్టాను. గాజువి, పింగాణీవి, ప్రయాణంలో ఒలకకుండా మూత బిగించేవి. తాటాకు మీద గీసే గంటం నుంచి రీఫిల్ పెన్ను దాకా చరిత్రంతా అడిగినవాళ్ళకు చెప్పేవాణ్ణి. అడగనివాళ్ళకు ఇంకా వివరంగా చెప్పేవాణ్ణి.

ఒకరోజు చోళపురం నుంచి మా అత్త ఫోన్ చేసింది. మా నాన్నగారి అక్క, ఎనభై దాటిన మనిషి.

"ఏమప్పా, ఊర్లో ఉండే మైకూళ్ళన్నీ ఏరుతా ఉండావంట."

మైకూడు అంటే మా వైపు సిరాబుడ్డి.

"అవునత్తా."

"మా నాన్న మైకూడు అటక మీద పెట్టెలో ఉంటుంది, చూడు. నా చెయ్యి పట్టుకోని దాంట్లో ముంచే నాకు రాసేది నేర్పించినాడు. పోయేలోపల ఒక తూరి దాంట్లో పేన ముంచి ఆయన పేరు రాయాల. ఎట్లుంటుందో చెప్పేనా?"

"వద్దత్తా. మా తాత మైకూడు నాకు తెలీదా?"

పాఠకులారా, పొరపాటు జరిగింది ఇక్కడే. ఇంటి వారసుడు తాత వస్తువు ఎలా ఉంటుందో ఒకరిని అడిగి తెలుసుకోవడమా? మా ఇంట్లో మగవాళ్ళు తోపులు అమ్మారు గాని ఎవరినీ ఏమీ అడగలేదు.

పెట్టె దించాను. అందులో సిరాబుడ్డి అనదగ్గవి రెండు కనిపించాయి. ఒకటి ఇత్తడి డబ్బీ. మూత మీద హంస, గొలుసుకు వేలాడే బుల్లి గరిటె. రెండోది మూతి విరిగిన మట్టిరంగు పింగాణీ బుడ్డి, మందుల షాపువాడు కూడా పారేసేలాంటిది. రాజుల ఇంటి సిరాబుడ్డి ఏదో చిన్నపిల్లవాడైనా చెప్పేస్తాడు. నేను అంతకన్నా వేగంగా తేల్చేశాను.

అప్పుడే ఒక బాలికల పాఠశాలవాళ్ళు రాత పనిముట్ల ప్రదర్శన పెట్టమన్నారు. బోర్డు రాయడానికి మంసాపురం నుంచి పెయింటరు గురుసామి వచ్చాడు.

"సార్, పెయింటు పోసుకునేదానికి ఏమన్నా పాత బుడ్డి ఉంటే ఇయ్యండి."

"ఇదిగో, దీంట్లో పోసుకో. తిరిగి ఇవ్వక్కర్లేదు."

అతను మూతి విరిగిన బుడ్డిలో నీలం ఎనామిల్ నిండుగా పోసుకుని, 'మా తాతగారి సిరాబుడ్డి' అని ముచ్చటగా రాశాడు. మిగిలిన పెయింటు బుడ్డిలోనే ఎండలో రెండు నెలలు ఎండి రాయయింది.

ప్రదర్శన రోజు బోర్డు గాలికి పడిపోతుంటే గురుసామే ఆ బరువైన బుడ్డిని తెచ్చి వెనక ఆనించాడు. బోర్డు ముందు ఇత్తడి డబ్బీ, దాని పక్కన నేను.

"లోపల తెల్లగా ఉండాదే సార్?" అని టీచరమ్మ అడిగింది.

"పాత సిరా అమ్మా. ఏళ్ళ తరబడి ఎండితే తెల్లబడుతుంది."

"ఈ గరిటె?"

"సిరా కలపడానికి."

అమ్మాయిలందరూ దాన్ని నోట్సులో రాసుకున్నారు. వాళ్ళలో ఎవరైనా ఇది చదువుతుంటే ఆ పేజీ దయచేసి చింపేయాలి.

అంతలో, నేను రమ్మని కబురు చేసిన అత్త బస్సు దిగి, చేతిరుమాల్లో చుట్టిన పాళీ పేనతో వచ్చింది. డబ్బీని చేతిలోకి తీసుకుని వాసన చూసింది.

"ఇదేమిరా?"

"తాతగారి మైకూడు అత్తా."

"ఎవరు చెప్పినారు నీకు? ఇది మా అమ్మ చున్నాంబు డబ్బీ. వెత్తలకు రాసుకునేది." ఆమె గోటితో తెల్లదాన్ని గీకి నా అరచేతిలో వేసింది. "నాకి చూడు. సిరా అయితే నాలిక మండదు."

ముందు వరుస అమ్మాయిలు నవ్వారు, తరువాత టీచరమ్మ నవ్వింది. తమలపాకు సున్నానికి మూడు వారాలుగా పాలిష్ పెట్టిన నేను మాత్రం ఇంకా నిటారుగానే ఉన్నాను.

"నాన్నది మట్టిరంగుది," అంది అత్త. "మూతి విరిగి ఉంటుంది. ఆరేళ్ళప్పుడు నేనే కింద ఏసి విరిచినాను. కొట్టలేదు నాన్న. ఇంక ఇది నీ గుర్తు అన్నాడు."

నా నడుము మొదటిసారి వంగింది. వంగి బోర్డు వెనక చెయ్యి పెట్టాను. తాతగారి సిరాబుడ్డి అని రాసిన బోర్డును నిలబెట్టింది తాతగారి సిరాబుడ్డే.

అత్త దాన్ని ఒళ్ళో పెట్టుకుని, విరిగిన మూతి మీద బొటనవేలు తిప్పింది. రుమాలు విప్పి, పేన ముంచబోయింది. పాళీ గట్టి పెయింటుకు తగిలి టక్కుమంది. మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ టక్కుమంది.

"పరవాలేదు లేరా," అంది. "నాన్న కూడా నీలమే పోసేవాడు."

సున్నం డబ్బీని సంచిలో వేసుకుంది. "దీనికన్నా పని ఉండాది," అని బస్సెక్కింది.

కిరసనాయిలు, థిన్నరు, వేణ్ణీళ్ళు, సూదులు, అన్నీ వాడాను. పైపొర ఊడింది గాని అడుగున పెయింటు కదలలేదు. మరుసటి ఏడాది అత్త పోయింది.

కాబట్టి ఇందుమూలంగా, నిటారుగా నిలబడి ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఇంట్లో పెద్దవాళ్ళను అడగకుండా ఏ వస్తువుకూ బోర్డు రాయించను. అడగడానికి పెద్దవాళ్ళు ఎవరూ మిగల్లేదు. కనుక ఇక ఏ బోర్డూ రాయించలేను, ఈ ప్రమాణం తప్పే అవకాశం కూడా నాకు లేదు.