బర్మా మావయ్యకు బందరులో సాక్ష్యం

నా బుర్రకూ బుద్ధికీ మధ్య ఎంత సముద్రం ఉందో కిందటి నెలలో బందరు వెళ్ళి వచ్చాకగాని తెలియలేదు. సొంత మేనమామను రెండు రోజులపాటు దొంగను చూసినట్టు చూశాను. ఇలాంటి పని మీద ఎవరైనా బయలుదేరితే దారి మటుకు నన్ను అడగండి; తెలివి మీది మీరే తెచ్చుకోండి.

మా అమ్మ తమ్ముడు బుల్లెయ్య మావయ్య పదహారేళ్ళకే రంగూను వెళ్ళి బట్టల కొట్టు పెట్టాడు. నేనప్పటికి లాగు కూడా సరిగా తొడుక్కోలేని వయసు. బర్మాకు స్వతంత్రం వచ్చాక, ఈ దేశపు పౌరుడివైతేనే వ్యాపారం అన్నారట, అయ్యాడు. ఆ మరుసటి ఏడు అల్లర్లలో కొట్టు తగలబడింది, పౌరసత్వం మిగిలింది. పుట్టిన గడ్డ మీద ఉండిపోదామని వస్తే ఇక్కడ పరదేశీ. చేతిలో ఉన్న అనుమతి నెలాఖరుదాకానే. ఆ లోగా బందరు ఆఫీసులో, పుట్టుక ఎరిగిన మనిషి చేత సాక్ష్యం చెప్పించుకోకపోతే మళ్ళీ ఓడ ఎక్కాలి. మా అమ్మ పోయింది. ఇక ఆయన పుట్టుక ఎరిగింది చల్లపల్లిలో చిన్నమ్మమ్మ ఒక్కతే. మా తాతయ్య తమ్ముడి భార్య.

ఉదయం ఆరున్నరకు మద్రాసు నుంచి వచ్చిన రైలు బెజవాడలో ఆగింది. లుంగీ, నోట్లో చుట్ట, భుజం మీద రేకుపెట్టెతో ఒకాయన దిగాడు. "మా అక్క ముక్కే! నువ్వే కదరా అల్లుడూ?" అన్నాడు. ముక్కు పట్టుకుని చుట్టరికం తేల్చిన మనిషిని, మొహం గుర్తులేని నేను నమ్మక ఏం చెయ్యను? ఇంటికైనా వెళ్ళకుండా పామర్రు బస్సు ఎక్కాం. అది ఇంకా బొగ్గు మీద నడిచే బస్సు. ఉయ్యూరులో దిగి ఇడ్లీ తినేసరికి మా మొహాలు కూడా బొగ్గయినాయి.

పామర్రు దగ్గర పోలీసులు బస్సు ఆపారు. అజ్ఞాతంలో ఉన్న కమ్యూనిస్టుల కోసం వెతుకులాట. కొత్త మొహం కనబడితే చాలు. కానిస్టేబులు మావయ్యను నిలబెట్టి పేరు అడిగాడు.

"వీరభద్రయ్యండి."

కానిస్టేబులు ఆయన అనుమతి కాగితం చూసి వదిలేశాడు; నేనే వదల్లేకపోయాను. మా ఇంట్లో ఆ పేరు నేను విని ఎరగను. అమ్మ నోట ఎప్పుడూ బుల్లెయ్యే, రంగూను నుంచి వచ్చిన ఉత్తరాల కిందా బుల్లెయ్యే. పక్క సీటు రైతు నా చెవిలో, "మీ మనిషేనా అండీ?" అన్నాడు. "అనుకుంటున్నానండీ" అన్నాను. ఆయన మెల్లిగా అటు జరిగి కూర్చున్నాడు.

అక్కణ్ణుంచి చల్లపల్లి బస్సులో పరీక్షలు పెట్టాను. "తాతయ్యగారింట్లో మగ్గాలెన్ని మావయ్యా?"

"మూడు. దక్షిణం గోడవైపుది నాన్నది. కాలితో తొక్కే పలక విరిగితే గుడ్డముక్కతో కట్టి తొక్కేవాడు."

తప్పు చెబితే అనుమానించేవాణ్ణి. ఇంత ఒప్పుగా చెప్పేసరికి, బాగా చదువుకుని వచ్చిన దొంగ అని ఖాయం చేసుకున్నాను.

చల్లపల్లిలో చిన్నమ్మమ్మ కళ్ళు సరిగా ఆనకపోయినా, గొంతు వినగానే "బుల్లెయ్యా!" అని ఆయన గడ్డం పుణికింది. కన్ను లేని సాక్ష్యం నేనెలా ఒప్పుకుంటాను? ఆయన నూతి దగ్గరికి వెళ్ళినప్పుడు రహస్యంగా అడిగాను: "చిన్నమ్మమ్మా, ఈయన వీరభద్రయ్యనంటున్నాడే?"

ఆవిడ చెంపలు వేసుకుని, లేచి లోపలికి పోయింది. భయపడిందని అనుకున్నాను. పెళ్ళయిన నాటి నుంచి మా ఆవిడ నా పేరు ఒక్కసారి పలకలేదు; అయినా నా బుర్రకు ఏమీ తట్టలేదు.

మర్నాడు తొలి బస్సుకు ముగ్గురం బందరు చేరాం. ఆఫీసులో గుమాస్తా నాకంటే అనుమానపు మనిషి. కాగితం మీద పేరు అరచేత్తో మూసిపెట్టి, "ఈయన పేరు చెప్పమ్మా" అన్నాడు.

"బుల్లెయ్య. మా బావగారి కొడుకు. నా చేతుల మీద పెరిగాడు."

"అసలు పేరు?"

"నేనెలా చెప్పను నాయనా? అది మా మావగారి పేరు. ఆయన పోయాక వీడికి పెట్టుకున్నాం. కోడళ్ళం, నోటితో అనలేక బుల్లెయ్య అన్నాం. ఊరంతా అదే అంది."

నా అనుమానం అక్కడే కూలబడింది. కాని గుమాస్తాది నిలబడే ఉంది. "పేరు చెప్పకపోతే సాక్ష్యం లేదు. అంతే."

మావయ్య చుట్ట తీసి, వెలిగించకుండానే మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. చిన్నమ్మమ్మ పమిట సర్దుకుంది.

"దక్షుడి యజ్ఞం పాడుచేసినాయన లేడూ?"

"శివుడా?"

"శివుడు కాదు. ఆయన జడలోంచి పుట్టాడే, కత్తి పట్టుకుని..."

"వీరభద్రుడు!" అన్నాడు గుమాస్తా బడిలో పిల్లాడిలా.

"ఆ. చివర అయ్య చేర్చుకో."

బంట్రోతు కిసుక్కుమన్నాడు. గుమాస్తా మొహం గంటు పెట్టుకుని, "చెప్పింది నేనూ! నువ్వు కాదు కదా!" అన్నాడు.

"సరే నాయనా, ఇంటికెళ్ళి నీ పెళ్ళాం చేత నీ పేరు చెప్పించు. ఆ పిల్ల చెబితే నేనూ వచ్చి చెబుతాను."

గుమాస్తా కలం సిరాలో ముంచాడు. తరవాత, 'మామగారి పేరగుటచే ఉచ్చరింపలేదు, గుర్తులు సరిపోయినవి' అని రాసి ఆవిడ వేలిముద్ర వేయించాడు. భోజనాల వేళకు అనుమతి చేతికొచ్చింది.

చిన్నమ్మమ్మను చల్లపల్లి బస్సు ఎక్కించి మేమిద్దరం సాయంత్రం రైలు పట్టుకున్నాం. మీరు వెళితే కుడివైపు కూర్చోండి, ఎండ తగలదు. నాకు మటుకు వేడి ఎదురుగానే కూర్చుంది. గుడివాడ వచ్చేదాకా మావయ్య రైలుపెట్టెలోని వాళ్ళందరికీ చెప్పాడు: "మా అల్లుడండీ! చల్లపల్లిలో అన్నం తింటూ కూడా డబ్బు సంచీ ఒళ్ళోంచి దించలేదు. నన్ను దొంగనుకున్నాడు!" గుడివాడలో కొత్తవాళ్ళు ఎక్కితే మళ్ళీ మొదటి నుంచీ. నేను కిటికీలోంచి వరిచేలను లెక్కపెట్టే పెద్దమనిషిలా నటించాను.

బెజవాడలో జట్కా దిగేసరికి దీపాలు పెట్టారు. మావయ్య జుట్టు దువ్వుకుని గుమ్మం ముందు నిలబడ్డాడు. మా ఆవిడ లోపలి నుంచి, "ఎవరండీ వచ్చింది?" అంది.

"ఎవరో బర్మా ఆయన. వీరభద్రయ్యగారట. మనవాళ్ళెవరూ ఆ పేరుతో లేరు కదా. అరుగు మీద కూర్చోమను," అని నేను లోపలికి పోయి కాళ్ళు కడుక్కున్నాను.

"ఒరే అల్లుడూ!" అని కేక వినిపించింది. ఈ దేశంలో ఉండిపోవచ్చని సర్కారు రాసిచ్చిన కాగితం చేత పట్టుకుని, ఆయన మా అరుగు మీద కూర్చున్నాడు. నేను కాఫీ సగం తాగి అప్పుడు లోపలికి పిలిచాను.