రష్యా ఆయన తప్పు

నా చిన్నప్పుడు తప్పును విప్పడమే తెలుసు మాకు. ఎమ్మిగనూరులో మాది మగ్గం ఇల్లు. పోగు తప్పుగా పడిందంటే మా నాయన పోగును అటూ ఇటూ విసిరే నాడె పక్కన పెట్టి, నేసినదాన్ని ఆ తప్పు దాకా ఓపిగ్గా విప్పి మళ్లీ నేసేవాడు. ఆ బుద్ధే నా వేళ్లకూ పట్టింది.

పక్కింటి అక్క ఆడపిల్లల బడిలో టీచరు. నాకు హార్మోనియం నేర్పింది ఆమే. బడి పండుగ రోజు ప్రార్థన పాట వరసను నేనొక్కదాన్నే వాయించాలని ఆమె పట్టు. మా నాయనకు అదంతా పొద్దుపోని వ్యవహారం. నన్ను బడి మాన్పించి మగ్గానికి నూలు కండెలు చుట్టడానికి కూర్చోబెట్టాలని ఎప్పట్నుంచో చూస్తున్నాడు. చివరికి, నలుగురిలో నవ్వులపాలు కాకుండా వాయిస్తే బడి, లేకుంటే మగ్గం అని తేల్చేశాడు.

నాకేమో హార్మోనియం మీద ఒక్క మెట్టు తప్పితే చాలు, వెనక్కి పోయి సరిచేస్తే తప్ప వేలు ముందుకు కదిలేది కాదు. "ఏం పాపా, పాట వాయిస్తాండావా, పోగులు ఇప్పుతాండావా?" అని అక్క నవ్వేది. నాకు ఏడుపొచ్చేది.

ఒక సాయంత్రం అక్క వాళ్లింట్లో రేడియో తిప్పుతుంటే గరగరల మధ్య ఏదో దూరదేశపు వాద్యం వినిపించింది. అది పియానో అనీ, మెట్లు మన హార్మోనియం మెట్లే గానీ పెట్టె మాత్రం మంచమంత ఉంటుందనీ అక్క చెప్పింది. నడుమ రేడియోలో వచ్చిన రష్యా మాటలు విని చెప్పింది, వాయించేది రష్యా ఆయనట. చిన్నప్పుడు మంచు పడి గడప దాటలేని రోజుల్లో వాళ్లమ్మ మెట్లు చూపించిందట. ఇప్పుడు తానే పాటలు కట్టి తానే వాయిస్తాడట. నేను నోరు తెరుచుకుని వింటుంటే అక్క ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకుంది.

"ఇను, ఈడ తప్పినాడు సూడు! ఆగినాడా? ఆగలా. ఇంగో తూరి అదే తప్పు కావాల్నని వాయిస్తాడు, ఇను."

నిజంగానే కాసేపటికి ఆ వంకర స్వరం మళ్లీ వచ్చింది. ఈసారి ఎంత ముద్దొచ్చిందో!

బడి పండుగ రోజు మా నాయన వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. రెండో చరణంలో నా వేలు జారనే జారింది. చెయ్యి వెనక్కి లాగింది. రష్యా ఆయన్ను తలుచుకుని, పళ్లు బిగబట్టి ముందుకు పోయాను. మూడో చరణంలో అదే చోట అదే మెట్టు కావాలనే నొక్కాను.

మా నాయన నాతో కలిసి ఇంటికి నడిచాడు. మా వీధిలోకి తిరిగాక, "నడుమ రెండు తూర్లు వంకర తిరిగె సూడు, అది బాగుండాదమ్మా, సీర అంచు మాదిరి. రేపు బడికి పో," అన్నాడు.

పెళ్లయి ఆదోనికి కాపురం వచ్చాక ఒకసారి అక్కను అడిగాను, ఆ రష్యా ఆయన పేరేమిటని. అక్క పడీపడీ నవ్వింది. "నాకు రష్యా మాట యాడొస్తాదే? నేను ముందే ఇన్న పాట అది, ఆయప్ప ఏమీ తప్పలేదు, ఆ పాటే అట్లుంది. వాళ్లమ్మ సంగతి గూడా నేను కట్టిందే." ఓసి దొంగా, అనుకున్నాను. కోపం రావాల్సింది, కళ్లు చెమర్చాయి.

మా నాయనకు మాత్రం ఆ వంకర నా తప్పని నేను చెప్పనేలేదు. బతికినన్నాళ్లూ ఆయన నాడె విసురుతూ ఆ ప్రార్థన పాటే కూనిరాగం తీసేవాడు. నా తప్పు దగ్గరికి వచ్చేసరికి గొంతు కాస్త పెంచేవాడు. ఇప్పటికీ ఏ పనైనా నా చేతిలో చెడితే ముందు ఆ గొంతే వినిపిస్తుంది. ఇక ఆగను.