గద్వాలకు నీలి ద్రావణంతో

పరీక్షలు ముగిసిన మూడవ నాటి ఉదయం కాచిగూడలో గద్వాల బండి ఎక్కాను. సంచిలో బట్టలతోపాటు కళాశాల ప్రయోగశాల నుండి అడిగి తెచ్చుకున్న నీలి ద్రావణం సీసా, ఒక గాజు గొట్టం, స్పిరిటు దీపం, కొన్ని శాకరిన్ మాత్రలు ఉన్నాయి. గద్వాలలో మా మేనత్త రాజమ్మకు మధుమేహం. ఎడమకాలి వేళ్ళు రెండు నల్లబడ్డాయనీ, ఒంట్లో చక్కెర తగ్గకపోతే పాదం దక్కదని డాక్టరు అన్నాడనీ మూడు నెలల క్రితం మామ ఉత్తరం రాశాడు. తీపి పూర్తిగా మానాలనీ, ఆకలైతే రొట్టె, గంజి ఎంతైనా తీసుకోవచ్చుననీ నేను జవాబు రాశాను. రసాయనశాస్త్రం చదివే మేనల్లుడి మాటను ఆ ఇంట్లో డాక్టరు మాటకంటె ఎక్కువగా పాటించారు.

యుద్ధకాలంలో చక్కెర కరువు కావడంతో దారిలో చాయ్ అంతా బెల్లం చాయే. నేను బెల్లం వేయని చాయ్ అడిగి, కప్పులో శాకరిన్ మాత్ర వేసుకోవడం చూసి ఎదుటి బల్లపై ఉన్న పత్తి వ్యాపారి ఒకటి అడిగి నాలుకపై పెట్టుకున్నాడు.

"అబ్బో! గింతంత మాత్రకు గంత తీపా? ఎనక చేదు కొడుతున్నది గద సార్."

అది బొగ్గు తారు నుండి తీసినదనీ, చక్కెరతో దానికి ఏ చుట్టరికమూ లేదనీ, నాలుక మాత్రమే దాన్ని తీపిగా భ్రమిస్తుందనీ వివరించాను.

"నాలికెను మోసం చేసుడన్నట్టు," అని అతడు నవ్వాడు.

మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో కృష్ణ వంతెన దాటి గద్వాలలో దిగాను. ఈ దారిన వెళ్ళేవారు మంచినీళ్ళు వెంట తీసుకుపోవడం మేలు. నేత వీధిలో ఈ కొస నుండి ఆ కొసకు పడుగు నూలు సాచి గంజి పట్టిస్తున్నారు. అత్త గడపలో కూర్చొని రాట్నం మీద నూలు కండెలు చుడుతున్నది. కాలికి గుడ్డ కట్టి ఉంది.

మరునాడు పొద్దున్నే ఆమె మూత్రాన్ని పరీక్షించాను. నీలి ద్రావణంలో కొద్ది చుక్కలు వేసి కాచినప్పుడు, అందులో గ్లూకోజు అనే ద్రాక్ష చక్కెర ఉంటే నీలం పోయి ఇటుకరంగు మడ్డి దిగుతుంది. గొట్టం అడుగున చిక్కగా దిగింది.

"బెల్లం తిన్నవా అత్తా?"

"లేదు బిడ్డా. నీ ఉత్తరం వచ్చిన సంది చేతితోని గూడ ముట్టలే."

"ఉగాదికి?"

"బెల్లం పోలెలు చేసి అందరికి పెట్టిన. నేను గంజి తాగిన. పడుగుకు కాచింది రోజు మిగులుతది గద."

"అయితే ఈ ఎరుపు ఎక్కడికెళ్ళి వచ్చింది? ఈ నీలి మందన్న అబద్ధమాడాలె, మనిషన్న ఆడాలె. మందు ఆడదు."

వాదోపవాదాల పోటీలలో ఎదుటివాడికి రెండే దారులు మిగిల్చి, రెంటినీ మూసివేయడం నాకు అలవాటు. మగ్గం గుంటలో ఉన్న మామ చెయ్యి ఆపి మా వైపు చూశాడు. అత్త రాట్నం దగ్గరికి పోయి కూర్చుంది. ఆ సాయంత్రమే మామ బెల్లం కుండను పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. ముప్పై ఏళ్ళుగా ఆ ఇంట్లో వండి పెడుతున్న మనిషి ఎదుటనే ఆ పని చేశాడు.

తెల్లవారి నాగర్‌కర్నూలుకు, మా ఇంటికి బయలుదేరాను. అత్త జొన్నరొట్టెలు, పచ్చికారం మూటగట్టి చేతికిచ్చింది. వనపర్తి రోడ్డు స్టేషనులో రైలు దిగి, బొగ్గు గ్యాసుతో నడిచే బస్సెక్కాను. కొత్తకోట దగ్గర అది మొరాయించింది. కండక్టరు బొగ్గు ఎగదోస్తుండగా నేను మూట విప్పి, పక్కన ఉన్న పండ్లులేని ముసలాయనకు ఒక రొట్టె ఇచ్చాను. ఆయన తునక తుంచి బుగ్గన పెట్టుకొని చాలాసేపు కదలకుండా కూర్చున్నాడు.

"కారం వేసుకో తాతా."

"వద్దు బిడ్డా. పండ్లు లేకపాయె, నోట్లనే నానాలె. నానంగ నానంగ తియ్యగైతది. నాకిగ బెల్లమెందుకు?"

నా చేతిలోని రొట్టె చేతిలోనే ఉండిపోయింది. జొన్నలోనూ గంజిలోనూ ఉన్న పిండి వేరే జాతి పదార్థం కాదు. వేల ద్రాక్ష చక్కెర అణువులు చేతులు పట్టుకొని నిలిచిన గొలుసు అది. నోటిలోని లాలాజలమే ఆ గొలుసును తెంపడం మొదలుపెడుతుంది. వారం క్రితం పరీక్షలో తడుముకోకుండా రాసిన సమాధానం ఇది. అత్త నా ఉత్తరాన్ని అక్షరాలా పాటించింది. రోజూ గిన్నెడు గంజి తాగి, తీపి మానానని నమ్మింది. మందూ అబద్ధమాడలేదు, మనిషీ ఆడలేదు.

బస్సు దిగి ఎడ్లబండిలో స్టేషనుకు తిరిగివచ్చి, మరునాటి మధ్యాహ్నానికి గద్వాల చేరాను. అత్త కాళ్ళ దగ్గర కూర్చొని అంతా చెప్పాను. మూడవ వేలు కూడా నల్లబడటం అప్పుడే చూశాను.

"అంటే నేను దొంగతనంగ తినలేదంటవు?"

"తినలేదు అత్తా. తప్పు నా ఉత్తరానిది."

"మీ మామ ముందర అన్నవు. ఆయన ముందర్నే చెప్పు."

చెప్పాను. మామ తాళంచెవి మొలతాడు నుండి విప్పి ఆమె పక్కన నేలపై పెట్టాడు. ఆమె దాన్ని ముట్టుకోలేదు.

పట్నం దవాఖానలో ఇన్సులిన్ సూదిమందు దొరుకుతుందని ఆమెను ఒప్పించి, మరునాడు బండి ఎక్కించాను. మామ మగ్గం మీది చీర ముగించి వస్తానన్నాడు. మహబూబ్‌నగర్‌లో బండి చాలాసేపు ఆగింది. నీళ్ళ కోసం దిగి ముంత నింపుకొని వచ్చేసరికి, బెల్లం పల్లిపట్టీలు అమ్మేవాడు మా కిటికీ దగ్గర కేకవేసి ముందుకు పోతున్నాడు. ఈ ప్రయాణంలో నేను నేర్చుకున్న రసాయనశాస్త్రం చాలా తక్కువ. అది ముందే నా పుస్తకంలో ఉంది. నేనేమీ అడగలేదు. కిటికీలో నన్ను చూడగానే అత్త తనంతట తానే కొంగు ముడి విప్పి దులిపి, రెండు అరచేతులూ నా ముందు చాచింది.

"ఏం కొనలే బిడ్డా. చూసుకో."